పాదాల అమరికకు యోగా – 4వ పాఠం: బొటనవేలి మొదలు నేల వదలకూడదు

పోయిన పాఠంలో తాడాసనంలో, అంటే రెండు పాదాల మీద నిటారుగా నిలబడి అరికాలి వంపును పైకి లేపమన్నాను. చేసినవాళ్లలో చాలామందికి చీలమండ బయటివైపు లాగింది. కొందరికి మోకాలి పక్కన నొప్పి కూడా వచ్చింది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న వీరభద్రాసనాన్ని పక్కన పెడుతున్నాను. ముందు ఈ సంగతి తేలాలి.

మీరు వంపు లేపలేదు, పాదాన్ని బయటి అంచు మీదికి ఒరగదోశారు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపలివైపు ఖాళీ ఏర్పడగానే వంపు వచ్చేసిందని అనుకుంటారు. కానీ పాదం ముక్కాలి పీట లాంటిది. మడమ, బొటనవేలి మొదలు (వేలు పాదంతో కలిసే చోట అరికాలి గుబ్బ), చిటికెనవేలి మొదలు, ఈ మూడూ నేల మీద ఉండాలి. బొటనవేలి మొదలు లేచిందంటే మిగిలింది రెండు కాళ్లే.

ఇది చిన్న విషయం కాదు. చీలమండ బెణుకుల్లో ఎక్కువ భాగం పాదం లోపలికి మడతపడి, ఎముకల్ని కలిపి పట్టుకునే బయటివైపు లిగమెంట్లు సాగిపోవడం వల్ల వచ్చేవే. అంచు మీద నిలబడడమంటే బెణికే దారిలో సగం దూరం వెళ్లి ఆగడమే. రోజూ ఆ అలవాటు చేసుకుని, మెట్లు దిగేటప్పుడు కాలు మడతపడిందంటే ఆశ్చర్యమేముంది?

వంపును నిలబెట్టడంలో రెండు కండరాలు ముఖ్యం. టిబియాలిస్ పోస్టీరియర్ పిక్క లోతుల్లోంచి దిగి, లోపలి చీలమండ వెనకగా వచ్చి వంపును పైకి లాగుతుంది. పెరోనియస్ లాంగస్ పిక్క బయటి పక్కగా దిగి, అరికాలి కింద అడ్డంగా దాటి, బొటనవేలి మొదలును నేలకు నొక్కుతుంది. మీరు మొదటిదాన్నే పనిచేయించి రెండోదాన్ని వదిలేశారు.

పరీక్ష ఇలా చేయండి. బొటనవేలి మొదలు కింద, వేలి కింద కాదు, పాత బస్సు టికెట్టు పెట్టి వంపు లేపండి. ఇంట్లో ఎవరినైనా టికెట్టు లాగమనండి. జారి వచ్చేస్తే ఒరిగినట్టు. చిరిగితే మీరు సరిగ్గా నిలబడ్డట్టు.

నేను వాడే దగ్గరిదారి వేరే ఉంది. మొదలును నొక్కి ఉంచి బొటనవేలిని మాత్రం పైకెత్తండి. మడమ నుంచి వేళ్ల దాకా ఉండే అరికాలి పట్టీ బిగిసి వంపు దానంతటదే లేస్తుంది. ఇప్పుడు వంపు పోకుండా వేలిని మెల్లగా దించండి. వేళ్లతో నేలను గీరకండి.

‘మాకు వంపే లేదు, చదును పాదాలు’ అనేవాళ్లు మునివేళ్ల మీద లేచి అద్దంలో చూసుకోండి. అప్పుడు వంపు కనిపిస్తే ఈ పాఠం మీకూ పనికొస్తుంది. కనిపించకపోయినా, నొప్పిగా ఉన్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి.

ఉత్కటాసనంలో (కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడే ఆసనం) ఇంకొకటి చూసుకోవాలి: మోకాలిచిప్ప రెండో వేలి వైపే చూడాలి. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో తూలితే చేతుల్ని సరిచేసుకోకండి, టికెట్టు ఉందో లేదో చూసుకోండి.

అభ్యాసం: మ్యాట్ తీసేసి గట్టి నేల మీద, గోడ పక్కన చేయండి. మెత్తటి మ్యాట్ తప్పును దాచేస్తుంది. కాలి కింద టికెట్టుతో వృక్షాసనం, ఒక్కో కాలి మీద 1 నిమిషం. మధ్యలో ఎవరు లాగినా టికెట్టు రాకూడదు. అది కుదిరాక కళ్లు మూసుకుని 20 సెకన్లు. షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లు కళ్లు మూయొద్దు, గోడ మీంచి చెయ్యి తీయొద్దు. రెండు కాళ్లకూ కుదిరాకే 5వ పాఠానికి రండి.