లీకు లేని చోట లీకు హెచ్చరిక: 4వ పాఠం

పోయిన పాఠంలో సప్రెస్ కామెంటు గురించి, అంటే సీ కోడ్‌లో తప్పులు వెతికే క్లాంగ్ అనలైజర్ హెచ్చరికను నోరు మూయించే కామెంటు గురించి, రెండే లైన్లు రాశాను. అవే కొంప ముంచాయి. మీరు పంపిన ఫైళ్లలో మాలాక్ (మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్; తీసుకున్నది ఫ్రీతో తిరిగివ్వకపోతే అదే లీకు) కనిపించిన ప్రతి చోటా ఆ కామెంటు అంటించి ఉంది. తప్పు నాదే. స్మార్ట్ పాయింటర్ల పాఠం వాయిదా వేస్తున్నా.

అనలైజర్ ప్రోగ్రామును నడపదని, కోడ్ చదివి అది వెళ్లగల దారులను ఊహిస్తుందని మొదట్లోనే చెప్పుకున్నాం, మళ్లీ చెప్పను. దానికి తెలియనిది మనం తెలియజెప్పాలి, అంతే.

ఎక్కువమంది తడబడింది స్విచ్ దగ్గర. ప్రతి కేసూ బఫర్‌ను ఫ్రీ చేస్తోంది. డిఫాల్ట్‌లో మాత్రం ఆపేయ్() అని సొంత ఫంక్షన్, లోపల ఎగ్జిట్. అది వేరే ఫైల్లో ఉంటే క్లాంగ్ అనలైజర్‌కు కనపడదు. ఆపేయ్() తిరిగొస్తుందనుకుని, స్విచ్ దాటి వెళ్లి, బఫర్ లీకైందంటుంది. డిక్లరేషన్‌కు నోరిటర్న్ (ఈ ఫంక్షన్ తిరిగి రాదని చెప్పే గుర్తు) తగిలించండి, ఊరుకుంటుంది. సీ11లోనూ, సీ++11లోనూ అది ఉంది.

ఇంకొకటి: గ్లోబల్ ఫ్లాగు ఉంటే మాలాక్, మధ్యలో ఏదో కాల్, ఫ్లాగు ఉంటే ఫ్రీ. ఆ కాల్ ఫ్లాగును మార్చేసి ఉండొచ్చని, అప్పుడు ఫ్రీ జరగదని అనలైజర్ అనుమానం. నేనైతే ఫ్లాగును మొదట్లోనే లోకల్ కాన్‌స్ట్‌లోకి కాపీ చేసుకుంటాను. చదివేవాళ్లకూ హాయి.

ఇక నాకు ఒళ్లు మండేది. "ఇది ఉత్తుత్తి హెచ్చరిక" అంటూ ముగ్గురు పంపిన లైను:

పీ = రీఅలాక్(పీ, కొత్త_సైజు);

ఉత్తుత్తిది కాదు, నిజమైన లీకే! రీఅలాక్ అంటే బ్లాకు సైజు మార్చే ఫంక్షన్; అది విఫలమైతే నల్ ఇస్తుంది, పాత బ్లాకును ముట్టుకోదు. ఆ నల్ వచ్చి పీలో కూర్చుంది. పాత అడ్రసు పోయింది. ఇక ఎవరు ఫ్రీ చేస్తారు? కింద నల్ చెక్ పెట్టానంటారు. పెట్టారు, అడ్రసు పోయాక. "మా మెషీన్లో మెమరీకి కొదవ లేదు" అంటారా? మీ లెక్క తప్పి కొత్త_సైజు -1 అయిందనుకోండి. 64 బిట్ల సైజ్_టీలో (సైజులు దాచే, నెగటివ్ పట్టని టైపు) అది 18446744073709551615 అవుతుంది. అంత మెమరీ ఏ మెషీన్ ఇస్తుంది? ఫలితాన్ని ముందు టెంప్ అనే ఇంకో పాయింటర్‌లోకి తీసుకోండి. నల్ కాకపోతేనే పీకి ఇవ్వండి. నల్ అయితే పాత పీ మీ చేతిలోనే ఉంటుంది, ఫ్రీ చేసి బయటపడండి.

అన్నట్టు, అభ్యాసం. మీరు పెట్టిన సప్రెస్ కామెంట్లన్నీ తీసేయండి, ఒక్కటీ మిగలకూడదు. ప్రతి హెచ్చరికకూ అనలైజర్ ఏ దారిన వెళ్లి లీకు చూసిందో లైను నంబర్లతో కాగితం మీద రాయండి. ఆ దారి అసాధ్యమని చూపించగలిగినవాటినే ఉత్తుత్తివిగా లెక్కేయండి. అడ్రస్ శానిటైజర్ (ప్రోగ్రాము నడుస్తుండగా మెమరీ తప్పులు పట్టే సాధనం) ఏమీ అనలేదని రాస్తే ఒప్పుకోను, నడవని దారి గురించి దానికేం తెలుసు?