ముత్యం కాలు మళ్ళీ మొలిచింది: ఆక్సొలాటల్‌కి దెబ్బ తగిలితే ఏం చెయ్యాలి

ముత్యం, నేరేడు మేము పెంచుతున్న ఆక్సొలాటల్‌లు. నాలుగు కాళ్ళూ, తోకా, తలకి రెండు పక్కలా బయటికి కుచ్చుల్లా మొప్పలూ ఉండి, నీళ్ళలోనే బతికే కప్పల చుట్టం ఇది. మార్చిలో ఒక పొద్దున బాబుకి లంచ్ బాక్సు సర్దుతుంటే "అమ్మా, ముత్యానికి చెయ్యి లేదు!" అని కేక పెట్టాడు. వెళ్ళి చూస్తే నిజమే. ఆ తెల్లటి ఒంటికి కుడి ముందుకాలు మోచేతి దగ్గరికల్లా తెగిపోయి, చివర గులాబీరంగు చుక్క మిగిలింది. పక్కనే నల్లటి నేరేడు ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. తిన్నది అదే. రెండూ అప్పటికి మూడంగుళాల పిల్లలు. ఆ వయసులో ఎదురుగా ఏది కదిలినా వాటికి తిండే.

ముందు రెండింటినీ విడదియ్యండి. వలతో మాత్రం పట్టద్దు. మొప్పల కుచ్చులూ వేళ్ళూ అందులో చిక్కుకుని ఇంకో గాయమవుతుంది. ఒక ప్లాస్టిక్ డబ్బాని నీళ్ళలో ముంచి, మెల్లగా దాన్నే లోపలికి నడిపించి, నీళ్ళతో సహా ఎత్తాలి. మామూలుగా రక్తం దానంతటదే ఆగిపోతుంది.

అయిదారు లీటర్లు పట్టే, మూతకి చిల్లులున్న డబ్బా ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకోండి. సబ్బు తగలనివ్వద్దు. రోజూ నీళ్ళు మొత్తం పారబోసి, అంతే చల్లగా ఉన్న కొత్త నీళ్ళు పొయ్యాలి. ఫిల్టరు ఉండదు కాబట్టి ఒక్కరోజు మానినా దాని మలంలోంచి వచ్చే అమ్మోనియా పుండుని మండిస్తుంది.

"నీళ్ళు రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది" అన్న పాత చిట్కా అమెరికాలో మా ఊరు ప్లేనోలో (టెక్సాస్) పనిచెయ్యదు. ఇక్కడ కుళాయి నీళ్ళలో ఉండేది క్లోరమిన్, అంటే క్లోరిన్‌కి అమ్మోనియా కలిపింది. అది రాత్రికి రాత్రి ఆవిరైపోదు. ఏటా మార్చిలో కొన్ని వారాలు పైపులు శుభ్రం కావడానికి మామూలు క్లోరిన్‌కి మారుస్తారు, ఆ రోజుల్లో గ్లాసు ఎత్తితేనే వాసన. రెండింటికీ సీకెమ్ ప్రైమ్ లాంటి, క్లోరిన్‌ని విరిచే మందు చుక్కలు వెయ్యాల్సిందే. కొన్ని బ్రాండ్లలో కలబంద కలుపుతారు, సీసా వెనక చదివి అవి మానండి.

మా అత్తయ్య అప్పుడు ఇక్కడే ఉన్నారు. "అమ్మాయ్, కాస్త పసుపద్దితే పోలా?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు, నాకూ చెయ్యి పసుపు డబ్బా మీదికే పోయింది. కానీ దీని చర్మం మనలాంటిది కాదు, నీళ్ళలో ఏది కలిపినా ఒంట్లోకి లాగేసుకుంటుంది. పసుపు, అయోడిన్, డెట్టాల్ ఏవీ వద్దు. చేపల మందుల్లో రాగి, మలకైట్ గ్రీన్ ఉన్నవి దీనికి విషం. బల్లి తోక మొలిచినా లోపల మునుపటి ఎముక ఉండదు. దీనికి ఎముక, కండ, నరం అన్నీ యథాతథంగా వస్తాయి. మన పనల్లా చల్లటి శుభ్రమైన నీళ్ళిచ్చి అడ్డు రాకుండా ఉండడమే.

చల్లదనం అంటే 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్, ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 60 నుంచి 64. వేసవిలో ఇంట్లో ఏసీ 76లో పెడితే మనకి హాయి, దానికి గండం. వేడి నీళ్ళలో బూజూ త్వరగా పడుతుంది. నేను ట్యాంకు మీదికి చిన్న ఫ్యాను తిప్పి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు మార్చి మార్చి వేశాను. రెండో వేసవికి చిల్లర్ (ట్యాంకు నీళ్ళు చల్లబరిచే మిషను) కొనక తప్పలేదు. దెబ్బ తగిలినదాన్ని డబ్బాతో సహా ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళూ ఉన్నారు, నాకు ధైర్యం చాల్లేదు.

నాలుగో రోజు గాయం అంచున దూదిపింజంత తెల్లటి బూజు కనబడింది. దానికి ఉప్పు నీళ్ళ స్నానం: లీటరుకి రెండు చెంచాల ఉప్పు, చెంచా అంటే టీ చెంచానే. అయోడిన్ గానీ, గడ్డకట్టకుండా కలిపే పొడి గానీ ఉండకూడదు. పది నిమిషాలు, గడియారం చూసుకుంటూ. పదిహేను దాటితే చర్మం, మొప్పలు దెబ్బతింటాయి. రోజుకి ఒకసారి చొప్పున మూడు రోజులకి బూజు రాలిపోయింది. తర్వాత డబ్బాలో ఒక ఎండు బాదం ఆకు వేశాను. మన వీధుల్లో ఉంటుందే, ఆ నాటు బాదమే. నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, కంగారు పడకండి.

బూజు తగ్గకపోయినా, ఒంటి మీద ఎర్రటి చారలు వచ్చినా, పొట్ట ఉబ్బినా, కంటికి దెబ్బ తగిలినా ఇంటి వైద్యం చాలదు. మాకు దగ్గర్లో కుక్కల్ని చూసే డాక్టరు "మేము ఇవి చూడం" అన్నారు. ఎగ్జాటిక్ జంతువుల్ని (కుక్కలూ పిల్లులూ కాని ఇలాంటి పెంపుడు జీవాల్ని) చూసే వెట్ నంబరు దెబ్బ తగలకముందే రాసి పెట్టుకోండి. తీసుకెళ్ళేటప్పుడు డబ్బాని ఐస్ ప్యాకులున్న కూలర్లో పెట్టండి.

పది రోజులకి తెగినచోట మొటిమంత బుడిపె వచ్చింది. నెలకి అది చిన్న తెడ్డులా చదునయింది. దీపం వెలుగులో చూస్తే లోపల వేళ్ళ గీతలు కనబడేవి. రెండు నెలలకి నాలుగు వేళ్ళూ లెక్కపెట్టాం (ముందుకాలికి నాలుగే, వెనక్కాలికి అయిదు). చివరి వేలు కాస్త వంకర. పెద్దవాటికైతే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

ఆ తర్వాత ట్యాంకంతా వెతికి చూశాను. ప్లాస్టిక్ మొక్కలూ, పింగాణీ కోటా తీసేశాను. కోట కిటికీలో వేలు పెడితే నాకే గీసుకుంది. గులకరాళ్ళు కూడా తీసేశాను, మింగితే పేగుకి అడ్డం పడతాయి. నీళ్ళు లాగే ఫిల్టరు బదులు స్పాంజి ఫిల్టరు పెట్టాను. చేపల్ని జతగా వెయ్యద్దు, మొప్పల కుచ్చులు పురుగులనుకుని కొరుకుతాయి. ట్యాంకుకి మూత ఉండాలి, ఇవి ఎగిరి కింద పడతాయి కూడా.

పిల్లలుగా ఉన్నన్నాళ్ళూ విడివిడిగానే పెంచండి. మావి రెండూ ఏడంగుళాలు దాటి, ఇంచుమించు ఒకే సైజుకి వచ్చాక కలిపాను. తిండి మాత్రం ఇప్పటికీ చెరో మూలా పట్టకారుతోనే. వానపాము ముందు నేరేడుకి, అది మింగుతుండగా ముత్యానికి.