అరవై దాటాక రెండు నెలల యాత్ర: అక్కా నేనూ ఎలా వెళ్లొచ్చామంటే

పెద్ద వయసులో రెండు నెలలు ఇల్లు వదిలి తిరగాలనుకునేవాళ్లు మొదట చేయాల్సింది ఊళ్ల పేర్లు కొట్టేయడం. నేను డైరీలో రాసుకున్నప్పుడు పదిహేడు ఊళ్లున్నాయి. రైలెక్కేనాటికి ఐదు మిగిలాయి: పండరిపురం, నాసిక్, ఉజ్జయిని, కాశీ, ఋషీకేశ్. మొత్తం 58 రోజులు. కాశీలో పద్నాలుగు రోజులు, ఋషీకేశ్‌లో ఇరవై రోజులు ఉన్నాం. ఎక్కడా ఐదు రోజులకు తక్కువ ఉండలేదు. ఈ వయసులో మనిషిని పడేసేది సామాన్లు కట్టడం, విప్పడం, కొత్త బాత్రూముకు అలవాటు పడడం. అవి ఎంత తగ్గితే అంత దూరం వెళ్లగలం.

నేను అనంతపురంలో పోస్టాఫీసు కౌంటర్లో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నాకు 63. అక్కకు 71, ఇరవై ఏళ్లుగా షుగరు, పొద్దున రాత్రి ఇన్సులిన్ వేసుకోవాలి. ఇద్దరం ఒంటరివాళ్లమే, ఒకే ఇంట్లో ఉంటాం. కాబట్టి ఇక్కడ చెప్పేది ఒళ్లు పూర్తిగా సహకరించేవాళ్ల సంగతి కాదు. మందుల డబ్బా వెంట ఉన్నా వెళ్లాలనుకునేవాళ్ల సంగతి.

పెద్ద యాత్రకు ముందు చిన్నది ఒకటి చేయండి. మేం మంత్రాలయంలో నాలుగు రోజులు ఉన్నాం. మొక్కు కోసం కాదు, మమ్మల్ని మేం పరీక్షించుకోవడానికి. మెట్లు దిగేటప్పుడే నా మోకాలు నొప్పి చేస్తుందని, ఎక్కేటప్పుడు కాదని అక్కడే తెలిసింది. వెస్టర్న్ కమోడ్ లేని గదిలో అక్క రెండో రోజు నుంచి తిండి తగ్గించేసింది. అడిగితే చెప్పలేదు, నేనే కనిపెట్టాను. ఆ తర్వాత గది ఎక్కడ అడిగినా మూడే మాటలు: కింది అంతస్తు, వెస్టర్న్ కమోడ్, వేణ్ణీళ్లు. ఏసీ ఉందా లేదా అన్నది ఆ తర్వాతే.

సంచి బరువు కూడా అప్పుడే తేల్చుకోవాలి. నిండుగా సర్దిన సంచి భుజాన వేసుకుని, గడియారస్తంభం దగ్గర ఆటో దిగి పాతూరు వీధుల్లో ఒక చుట్టు తిరిగి వచ్చాను. తొమ్మిది కిలోలున్న సంచిని ఆరు కిలోలకు తగ్గించాలని ఇంటికొచ్చేసరికి అనిపించింది. అనంతపురం స్టేషన్లో రైలు ఆగేది కొద్ది నిమిషాలే. మనం ఎత్తుకోలేని సంచి మనది కాదు. మూడు జతల బట్టలు, ఒక స్వెటర్, పల్చటి దుప్పటి చాలు. ఋషీకేశ్‌లో ఎండలు ముదిరాక స్వెటర్లు, అక్కడ కొన్న సామాన్లు పోస్టు పార్సిల్లో ఇంటికి పంపేశాను. ఆ పని ఏ ఊళ్లోనైనా చేయొచ్చు.

ఇక ఇంటి సంగతులు. నా కౌంటర్ దగ్గర ఎక్కువ కన్నీళ్లు చూసింది డిసెంబరు నెలలో. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. యాత్రల్లో ఉండి మరిచిపోయినవాళ్లు ఏటా వచ్చేవారు. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఫోన్లోనే ఇవ్వొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ను పిలిస్తే ఇంటికొచ్చి కూడా చేస్తాడు. అందుకే ఆ పని ముగించుకుని, ఉత్తరాదిలో పొగమంచు తగ్గాక వెళ్లడం మేలు. డిసెంబరు, జనవరుల్లో అటు రైళ్లు గంటలకు గంటలు ఆలస్యమవుతాయి. మేం శివరాత్రి వెళ్లిన నాలుగో రోజు బయల్దేరాం. పండగ రద్దీ తగ్గింది, చలి తగ్గింది, ఎండ ఇంకా ముదరలేదు. అక్షయ తృతీయకు గంగోత్రి, యమునోత్రి గుళ్లు తెరుస్తారు, చార్‌ధామ్ జనంలో చాలామంది ఋషీకేశ్ మీదుగానే పోతారు. దానికి ముందే తిరుగు టికెట్ ఉండేలా చూసుకున్నాం. ఇంటి దగ్గర ప్రతి నెలా పింఛను తీసుకునేవాళ్లు ఎన్ని నెలలు ఊళ్లో లేకపోవచ్చో మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇంటి తాళం ఎదురింటి రమణమ్మకు ఇచ్చాను. తులసికి నీళ్లు పోయడం, గేటు దగ్గర పేపర్లు, కాగితాలు పడి ఉంటే తీసేయడం ఆమె పని. గేటు ముందు చెత్త పోగుపడితే ఇంట్లో ఎవరూ లేరని ఊరంతా చెప్పినట్టే. గ్యాస్ రెగ్యులేటర్ తీసేసి, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కొంచెం తెరిచి పెట్టాం. దగ్గరి పోలీస్ స్టేషన్లో చెప్పి, తాళం వేసిన ఇళ్లకు కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి కూడా కనుక్కున్నాం.

టికెట్లు 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి. ఇంతకుముందు 120 రోజులుండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. కాబట్టి తిరుగు టికెట్ బయల్దేరకముందే దొరకాలంటే తేదీలు ముందే లెక్కేసుకుని పెట్టుకోవాలి. పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, పూర్తి ఛార్జీ వేసుకోండి. లోయర్ బెర్త్ కోటా మాత్రం ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే ఆ కోటాలో అడగొచ్చు, కానీ టికెట్‌లో ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. తోడు వస్తానన్న తమ్ముడి కొడుకు పేరు అదే టికెట్‌లో రాస్తే ఆ వీలు పోతుంది. వాడికి వేరే టికెట్ తీయండి. రైలు ఎంచుకునేటప్పుడు అది ఎన్నింటికి బయల్దేరుతుందో కన్నా ఎన్నింటికి దింపుతుందో చూడండి. కర్ణాటక ఎక్స్‌ప్రెస్ అనంతపురంలో రాత్రి ఎక్కితే పొద్దున షోలాపూర్‌లో దిగాం. అక్కడి నుంచి పండరిపురం బస్సులో రెండు గంటలే. కొత్త ఊళ్లో చీకటి పడ్డాక ఒక్కసారి కూడా దిగలేదు.

మందుల విషయం మాత్రం నిదానంగా చదవండి.

విప్పని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్నది మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఉంటుంది, ఎండ తగలకపోతే చాలు. మంచుగడ్డకు ఆనించి పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. లాడ్జిలో దిగగానే నేను చేసే మొదటి పని, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మందు పెట్టి, దాని మీద అక్క పేరు రాసి, వంటగది ఫ్రిజ్ తలుపులో పెట్టమని అడగడం. ఫ్రీజర్‌లో వద్దని రెండుసార్లు చెప్పేదాన్ని. ఫ్రిజ్ లేనిచోట కొత్త మట్టికుండలో అడుగున తడి ఇసుక పోసి, డబ్బా మూత బిగించి అందులో పెట్టాను. మన ఇళ్లలో కుండనీళ్లు చల్లబడినట్టే. డాక్టర్ చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి. ఇక్కడ దొరికే కంపెనీ అక్కడ ఉండకపోవచ్చు, అసలు పేరుంటే జనౌషధి దుకాణంలోనైనా అడగొచ్చు. అక్కకు 70 దాటింది కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించాను. 2024 అక్టోబరులో మొదలైన ఈ కార్డుకు ఆదాయంతో పనిలేదు. ఆసుపత్రిలో చేరితే ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం, పథకంలో ఉన్న ఆసుపత్రులు వేరే రాష్ట్రాల్లోనూ ఉంటాయి.

ఇంత జాగ్రత్తపడీ ఉజ్జయిని నుంచి కాశీకి పోయే రైల్లో నేను తప్పు చేశాను. రాత్రి ఎనిమిదికి భోజనం వస్తుందని చెప్పారు. ఏడున్నరకే అక్క ఇన్సులిన్ వేసుకుంది, ఇంట్లో ఎప్పుడూ అరగంట ముందే వేసుకుంటుంది. రైలు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఎనిమిదిన్నరైంది, తొమ్మిదైంది, భోజనం రాలేదు. అక్క కిటికీకి తల ఆనించి, "ఏమే, కండ్లు తిరుగుతాండాయి" అంది. చేయి పట్టుకుంటే చల్లటి చెమట, వేళ్లు వణుకుతున్నాయి. నా సంచిలో మొదట చేతికి తగిలింది చెనిక్కాయ ఉండలు. అవి పెట్టబోయి ఆగాను, చెనిక్కాయల్లో నూనె ఉంటుంది, తీపి రక్తంలోకి త్వరగా ఎక్కదు. గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, గడియారం చూస్తూ కూర్చున్నాను. పదిహేను నిమిషాలకు పరీక్ష చేస్తే 64. ఇంకో మూడు చెంచాలు ఇచ్చాను. రెండోసారి 92 వచ్చింది, అప్పుడు ఉండలు, బొరుగులు పెట్టాను. ఎదుటి బెర్త్‌లో ఒక పెద్దాయన ఏమీ అడక్కుండా తన రొట్టెల డబ్బా మా వైపు జరిపాడు.

ఆ రోజు నుంచి మా నియమం ఒకటే. అన్నం కళ్ల ముందుకు వచ్చాకే సూది. కాస్త ఆలస్యమైనా పర్వాలేదు. మీ డాక్టర్‌తో ఈ మాట ముందే మాట్లాడుకోండి, మందును బట్టి ఆయన చెప్పేది మారొచ్చు. గ్లూకోజ్ పొట్లం పెద్ద సంచిలో కాదు, మెడలో వేసుకునే చిన్న సంచిలో ఉండాలి. పక్కన ఉండేవాళ్లకు ఇంకో మాట తెలియాలి: మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తిండికి మేం రెండు కిలోల రాగిపిండి, చెనిక్కాయల పొడి, చింతపండు, ఒక చిన్న కరెంటు కుక్కర్ తీసుకుపోయాం. కుక్కర్ వాడుకోనిస్తారా అని గది తీసుకునేటప్పుడే అడిగాం. వారం దాటితే బయట పూరీలు, ఆలుగడ్డ కూర ఎవరికైనా మొహం మొత్తుతాయి. ఋషీకేశ్‌లో గంగ ఒడ్డున కూర్చుని సంగటి ముద్ద తిన్న మధ్యాహ్నం అక్క మొహం చూడాల్సింది. కాశీలో అంత ఇబ్బంది లేదు. మనవాళ్లకు ఆంధ్రాశ్రమం ఉంది, కేదార్ ఘాట్ చుట్టుపక్కల తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని పెద్దలు అంటారు కదా, ఆ లెక్కలో ఒళ్లు తెలిసిన మాట కూడా ఉంది. మొదటి మూడు రోజులు దర్శనాల హడావిడి, నాలుగో రోజు అలసట. అసలు కాశీ కనపడింది ఐదో రోజు నుంచే. రోజూ ఒకే మెట్టు మీద కూర్చుంటే పడవవాళ్లు పలకరించడం మొదలుపెట్టారు. విశ్వనాథుడి గుడికి పొద్దున ఒక రోజు, సాయంత్రం ఒక రోజు వెళ్లాం. రెండూ ఒకే రోజు పెట్టుకోలేదు. ప్రతి మూడో రోజు ఏమీ పెట్టుకోని రోజు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం, నిద్ర.

డబ్బు గురించి క్లుప్తంగా: ఇద్దరికీ కలిపి గది, తిండి, ఆటోలతో రోజుకు దాదాపు 1,900 రూపాయలు అయింది, రైలు ఛార్జీలు వేరు. వారానికి గది మాట్లాడుకుంటే రోజు అద్దె తగ్గుతుంది, సిగ్గుపడకుండా అడగండి. ఒక కార్డు నా దగ్గర, ఇంకో బ్యాంకు కార్డు అక్క దగ్గర పెట్టాం. ఫోన్ పోతే ఉండాలని మూడు నంబర్లు, మందుల పేర్లు కాగితం మీద రాసి ఇద్దరి సంచుల్లోనూ వేశాను.

షుగరు ఉన్నవాళ్లను తీసుకుపోయేవాళ్లు రోజూ తప్పక చేయాల్సిన పని ఇంకొకటుంది. గుళ్లకు చెప్పులు లేకుండా నడవాలి, ఘాట్ల రాళ్లు మధ్యాహ్నానికి కాలిపోతాయి, షుగరు ముదిరినవాళ్లకు ఆ వేడి తెలియకపోవచ్చు. కాశీలో ఒక రాత్రి అక్క ఎడమ పాదం కింద రూపాయి బిళ్లంత బొబ్బ కనపడింది. తనకు నొప్పే లేదు. డాక్టర్‌కు చూపించి, నాలుగు రోజులు గదిలోనే ఉన్నాం, పద్నాలుగు రోజులు పెట్టుకోవడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత మందపాటి నూలు సాక్సులు కొన్నాం, గుళ్లకు పొద్దున ఎనిమిదిలోపే వెళ్లాం. రోజూ రాత్రి అక్కను మంచం మీద కూర్చోబెట్టి, ఫోన్ టార్చ్ వేసి రెండు పాదాలు, వేళ్ల సందులు చూసేదాన్ని. మొదట్లో కాళ్లు వెనక్కి లాక్కునేది, చెల్లెలు తన కాళ్లు పట్టుకోవడం ఏమిటని. ఋషీకేశ్ చేరేసరికి తనే కాళ్లు చాపి, "చూడు మే, ఈ రోజు ఏముందో" అనేది. ఇంటికొచ్చి ఆవకాయ పెట్టడం కూడా అయిపోయింది. ఆ టార్చ్ మాత్రం రోజూ రాత్రి ఇంకా వెలుగుతూనే ఉంది.