మక్కీ రోటీ విరగకుండా చేయడం ఎలా?

చలికాలంలో పంజాబీ ఇళ్లలో ఆవాకు కూరతో తినే మొక్కజొన్న రొట్టె ఇది. పిండి, ఉప్పు, నీళ్లు ఉంటే చాలు. చిక్కల్లా ఒకటే: గోధుమలో ఉండే గ్లూటెన్ మొక్కజొన్నలో లేదు. ఎంత పిసికినా పిండి సాగదు. అందుకే నీళ్లు వేడిగా ఉండాలి.

ముందు పిండి సంగతి. సూపు చిక్కబడటానికి వేసే తెల్లటి కార్న్‌ఫ్లోర్‌తో ఈ రొట్టె రాదు. గింజను మెత్తగా ఆడించిన పసుపుపచ్చని పిండి కావాలి. ముక్కిన వాసన వస్తుంటే వాడకండి, రొట్టె చేదెక్కుతుంది.

2 కప్పుల పిండిలో అర చెంచా ఉప్పు, ఇష్టమైతే కాస్త వాము కలపండి. బాగా కాగిన నీళ్లు కప్పు పైచిలుకు పడతాయి. కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలిపి, మూతపెట్టి 10 నిమిషాలు వదిలేయండి. ఆ వేడికి పిండి ఉబ్బి జిగురు పుడుతుంది.

అసలు పని ఇప్పుడే. ముద్దనంతా ఒకేసారి మర్దించకండి, చివరి రొట్టెల వంతు వచ్చేసరికి ఆరిపోతుంది. ఒక్క రొట్టెకు సరిపడా తీసుకుని, అరచేతి అడుగుభాగంతో ముందుకు తోస్తూ రెండు నిమిషాలు గట్టిగా మర్దించండి. ఉండ చేసి బొటనవేలితో నొక్కండి. అంచులు పగిలితే చేయి తడిచేసుకుని మళ్లీ మర్దించాలి. పగలకపోతే తట్టడమే తరువాయి.

చేయి తిరిగినవారు రెండు తడి అరచేతుల మధ్య తిప్పుతూ రొట్టె తడతారు. చూడముచ్చటగా ఉంటుంది కానీ, కొత్తవారు ప్రయత్నిస్తే నేలపాలే! నూనె రాసిన ప్లాస్టిక్ కాగితం మీద వేళ్లతో మధ్య నుంచి అంచులకు తట్టండి. చపాతీ కన్నా మందంగా, సుమారు 4-5 మిల్లీమీటర్లు ఉండాలి. కొందరు గోధుమపిండి కలిపి కర్రతో ఒత్తేస్తారు. పని సులువవుతుంది, మొక్కజొన్న రుచి మాత్రం తగ్గిపోతుంది.

పెనం బాగా కాలాక మంట మధ్యస్థంగా పెట్టి, కాగితంతో సహా అరచేతిలో బోర్లించి, కాగితం ఒలిచి, రొట్టెను పెనం మీద వేయండి. అడుగు గట్టిపడి తనంత తానే పెనాన్ని వదిలేదాకా ముట్టుకోకండి. తిప్పాక అంచులను గుడ్డతో అదుముతూ ఎర్రటి మచ్చలు వచ్చేలా కాల్చండి. చపాతీలా పొంగలేదని బెంగ వద్దు.

వెన్న రాసి వేడివేడిగా తినేయాలి, చల్లారితే అట్టలా బిగుస్తుంది. మిగిలినవాటిని వేడిచేసి చిదిపి, నెయ్యి, బెల్లం పొడి కలిపితే చూరీ అవుతుంది. పిల్లలు రొట్టె కన్నా దీన్నే ఇష్టంగా తింటారు.