కోళ్ల కింద ఏది పరచాలి? దాన్ని ఎలా పొడిగా ఉంచాలి?

కోళ్ల షెడ్డు తలుపు తీయగానే కళ్లు మండాయంటే ముందు వంగి చూడవలసింది నీళ్ల డబ్బా కింద. నూటికి తొంభై సార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. కోడి విడిగా మూత్రం పోయదు. రెట్టలో తెల్లగా కనిపించేదే దాని మూత్రం. అందులో ఉండేది యూరిక్ ఆమ్లం. తడి తగిలితే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. పొడిగా ఉంటే అదే రెట్ట ఎండి, పొడి అయి, ఊకలో కలిసిపోతుంది. కింద పరిచేదాన్ని రైతులు లిట్టర్ అంటారు. పడిన తడిని పీల్చుకోవడం, తర్వాత దాన్ని గాలికి వదిలేయడం దాని పని. మెత్తదనం, వెచ్చదనం ఆ తర్వాతి మాట. ఈ వ్యాసం పెరట్లో వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాల కోళ్లు లేదా నాటుకోళ్లు ఇరవై నుంచి రెండు వందల దాకా పెంచుకునేవారి కోసం.

సరుకు ఎక్కడ, ఎలా చూసి కొనాలి?

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, ముఖ్యంగా మిర్యాలగూడ చుట్టుపక్కల, రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి నల్గొండ వైపు వాళ్లకు మొదటి ఎంపిక వరి ఊక. అయితే ఉప్పుడు బియ్యం మిల్లులు బాయిలర్లలో కాల్చేది కూడా ఊకే. అందుకని ఊరికే ఇస్తారని ఆశపడి వెళ్లకండి. మిల్లులో ఒక్క పరీక్ష చేయండి. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తీయండి. చేతికి తవుడు పొడి అంటుకుంటే ఆ ఊక వద్దు. పాత హల్లర్ గిర్నీల్లో ఊక నలిగి, తవుడుతో కలిసి వస్తుంది. దానికి పురుగు పడుతుంది, తేమ తగిలితే బూజు కూడా పడుతుంది. పెద్ద మిల్లుల నుంచి వచ్చే ఊక చిన్న పడవల్లా విడివిడిగా ఉంటుంది. మనకు కావలసింది అదే. ఊక నీటిని గబగబా పీల్చుకోదు కానీ, తిరగేస్తే త్వరగా ఆరిపోతుంది. మన గాలికి, ఎండకు ఆ గుణమే ఎక్కువ పనికొస్తుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, గద్వాల వైపు వేరుశనగ పొట్టు దొరుకుతుంది. పీల్చుకోవడంలో ఇది ఊకకంటే మెరుగు. కాయలు సగానికి పగిలి చిప్పల్లా ఉంటే వాటిలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి చిన్న ముక్కలుగా నలిగిన పొట్టే తీసుకోండి. దీనికి ఒక శత్రువుంది, అది బూజు. ఒక ఏడాది వానాకాలం చివర్లో, ఒక మిల్లు వెనక టార్పాలిన్ కింద నెలల తరబడి పడి ఉన్న పొట్టు చవకగా వస్తే తెచ్చుకున్నాను. పైన ఎండి బాగానే కనిపించింది. లోపల బూడిద రంగు తిరిగి ఉంది. వారం రోజుల వయసు కోడిపిల్లలు నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి తీయడం మొదలుపెట్టాయి. యాభైలో పదకొండు పోయాయి. ఆస్పర్జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఇలాగే అవుతుంది, పిల్లలకు దీనికి సరైన మందు లేదు. అప్పటినుంచి నా నియమం ఒకటే. యాసంగి పంట కాయలు ఒలిచిన తాజా పొట్టును ఎండల్లోనే కొని, సంచులు కట్టి, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చుకుంటాను. బూజు వాసన వచ్చిన సంచిని ఎండబెట్టి వాడదామన్న ఆలోచన కూడా వద్దు. ఎండకు తడి పోతుంది, బూజు బీజాలు పోవు.

వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే చుట్టల్లాంటి పొట్టు దొరికితే పిల్లలకు దాన్ని మించింది లేదు. కానీ పెద్ద షెడ్డుకు సరిపోయేంత దొరకదు. రంపపు పొట్టు వేరు. అది సన్నని పొడి. పిల్లలు మేత అనుకుని తింటాయి, దుమ్ముకు తుమ్ముతాయి. నెల దాటిన కోళ్లకైతే ఊకలో కలిపి వాడవచ్చు. ప్లైవుడ్ కోసే చోట వచ్చే పొడిలో జిగురు రసాయనాలుంటాయి, అది అసలే వద్దు. పాలమూరు, నల్గొండ మెట్ట పొలాల్లో ఆముదం పండిస్తారు కదా, ఆ పొట్టు కళ్లంలో ఊరికే దొరికినా తేవద్దు. అందులో కలిసే గింజ ముక్కల్లో రైసిన్ అనే విషముంటుంది. కోళ్లు ముందు ఏరుకునేవి ఆ ముక్కలే.

ఎంత కావాలో లెక్క కట్టడం తేలికే. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదిలో మూడు అంగుళాల మందం పరవాలంటే 25 ఘనపుటడుగుల ఊక కావాలి. అది దాదాపు 70 కిలోలు. 40 కిలోల వడ్లు పట్టే గోనె సంచులతో కొలిస్తే పది సంచులు. మరో రెండు సంచులు పక్కన పెట్టుకోండి. తడిసిన చోట తీసి వేయడానికి పొడి సరుకు చేతిలో లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

బ్రూడర్‌లో (కోడిపిల్లలను వెచ్చగా ఉంచే చోట) పరవడం

నేల కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సున్నం వేసి, అదీ ఆరాక ఊక పోయాలి. ఈ క్రమం మార్చవద్దు. తడి సిమెంటు మీద పోసిన ఊక అడుగు నుంచే చెడుతుంది. మట్టి నేలైతే చెదలు ఉన్నాయేమో చూసుకోండి, ఎర్ర నేలల్లో వాటి బెడద ఎక్కువ. పిల్లలకు రెండు నుంచి మూడు అంగుళాల మందం చాలు. ఒక్కో పిల్లకు అర చదరపు అడుగు చొప్పున చోటు వదలండి.

మొదటి మూడు నాలుగు రోజులు ఊక కనిపించకుండా పైన కాగితం పరవాలి. మేత ఏదో, ఊక ఏదో పిల్లకు అప్పటికి తెలియదు. చాలామంది నున్నటి వార్తాపత్రిక ఒక్క పొర వేసి వదిలేస్తారు. దాని మీద కాళ్లు జారి, రెండు పక్కలకు విడిపోయి, పిల్ల ఇక లేవలేదు. పత్రికలను నలిపి పరిచినా, అట్టపెట్టెలను చీల్చి లోపలి గరుకు గీతలు పైకి వచ్చేలా వేసినా ఈ ఇబ్బంది ఉండదు. నాలుగైదు పొరలు వేసి రోజుకొకటి తీసేస్తే శుభ్రం చేసే పని కూడా తగ్గుతుంది. మొదటి రోజు మొక్కజొన్న రవ్వను ఈ కాగితం మీదే చల్లండి.

చలికాలంలో పిల్లలు రావడానికి ఒక రోజు ముందే బల్బులు వేసి ఊకను వేడెక్కించాలి. గాలి వెచ్చగా ఉండి నేల చల్లగా ఉంటే పిల్లలు ఒకదానిపై ఒకటి ఎక్కి నలిగిపోతాయి. మొదటి వారం పిల్ల ఎత్తున 35 డిగ్రీల వేడి కావాలి. మే నెలలో నల్గొండ ఎండకు పగలు ఆ పని సూర్యుడే చేస్తాడు, బల్బులు ఆపేయండి. బల్బును తీగకు వేలాడదీసి వదలకుండా గొలుసుతో ఊకకు అడుగున్నర ఎత్తున కట్టండి. ఊకలో పడ్డ బల్బు షెడ్డునే కాల్చేస్తుంది.

నీళ్ల డబ్బాను ఇటుక మీద పెట్టి, పిల్లలు ఎదిగేకొద్దీ ఎత్తు పెంచండి. డబ్బా అంచు పిల్ల వీపు మట్టానికి ఉంటే నీళ్లు ఒలకవు. మూడో వారం నుంచి ఆరో వారం మధ్య రక్త విరేచనాలు కనిపిస్తే అది కాక్సిడియోసిస్ అనే పరాన్నజీవి రోగం కావచ్చు. పశువైద్యుడిని అడగండి. ఆ పరాన్నజీవి గుడ్లు తడి, వెచ్చని ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకు వస్తాయని గుర్తుంచుకుంటే, తడిసిన ఊకను రేపు తీద్దామని అనుకోరు.

పెద్ద కోళ్ల షెడ్డు

నాలుగు అంగుళాలతో మొదలుపెట్టి, అవసరమైనప్పుడల్లా పైన పొడి ఊక వేస్తూ పోవచ్చు. వారానికి రెండుసార్లు, వానాకాలంలో రోజు విడిచి రోజు, పార నేలకు తగిలేదాకా తిరగేయాలి. ఓపిక లేకపోతే సాయంత్రం రెండు గుప్పిళ్ల జొన్నలు చల్లండి, కోళ్లే తవ్విపోస్తాయి. కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే దండెం కింద మాత్రం మీరే తవ్వాలి. రాత్రి రెట్టంతా అక్కడే పడుతుంది.

తేమ తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. గుప్పెడు ఊక తీసుకుని గట్టిగా పిడికిలి బిగించి వదలండి. ముద్ద కట్టి అలాగే నిలిచిందంటే తడి ఎక్కువ. కొద్దిగా అంటుకుని రాలిపోతే సరిగ్గా ఉంది, 20 నుంచి 25 శాతం తేమ అన్నమాట. అసలే అంటుకోకుండా దుమ్ము లేస్తే మరీ ఎండిపోయింది. వాసన చూడడానికి నిలబడితే చాలదు, కోడి ముక్కు ఎత్తుకు వంగాలి. రోజూ షెడ్డులో తిరిగే మనిషి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కాబట్టి ఇంటికి వచ్చిన చుట్టాన్ని అడగడం ఇంకా మంచిది.

గడ్డకట్టిన చోట పెచ్చులను ఎత్తి బయట పారేసి కొత్త ఊక వేయండి. ఘాటు వస్తుంటే చాలామంది సున్నం చల్లుతారు. నేను ఒప్పుకోను. సున్నం క్షారం కాబట్టి రెట్టలో ఉన్న అమ్మోనియా ఇంకా తొందరగా గాలిలోకి లేస్తుంది. సున్నం ఖాళీ షెడ్డు నేలకే. వానకు భయపడి పరదాలు పూర్తిగా దించేయడం ఇంకో పొరపాటు. పైన ఒక అడుగు తెరిచి ఉంచకపోతే కోళ్ల ఊపిరి తేమే ఊకను తడిపేస్తుంది. ఎండాకాలంలో మందాన్ని రెండు అంగుళాలకు తగ్గించండి. చల్లదనానికి కట్టే తడి గోనెల నీరు లోపలికి కారకుండా బయటి వైపే కట్టండి.

గుడ్ల పెట్టెలో వరిగడ్డి వేస్తే చాలు. వారానికోసారి మార్చండి.

బయట తిరిగే ఆవరణ

ఇక్కడ ఊక పోయడం దండగ, గాలికీ వానకూ పోతుంది. ఎర్ర చెలక నేలైతే నీళ్లు ఇంకుతాయి, వాలు సరిచూసుకుంటే సరిపోతుంది. నల్లరేగడిలో మాత్రం మొదటి వానకే కోళ్ల కాళ్లకు మట్టి గోళీల్లా పట్టేస్తుంది. తొలకరికి ముందే అర అడుగు మొరం పోసి, చుట్టూ చిన్న కాలువ తీయండి. దాని మీద రాలిన వేపాకు, కానుగాకు వేస్తే కోళ్లకు కెలుక్కునే పని దొరుకుతుంది. ఒక మూల నీడలో ఇసుక, కట్టెల బూడిద కలిపి పెడితే మట్టిస్నానం చేసి పేలు రాల్చుకుంటాయి. మిల్లు బాయిలర్ల నల్ల బూడిద దీనికి వాడకండి, దాని దుమ్ము ఊపిరికి మంచిది కాదు.

పాత లిట్టర్‌ను ఏం చేయాలి?

ఒక విడత కోళ్లు అమ్మాక, గుడ్ల కోళ్లైతే ఏడాదికోసారి ఎండల్లో, మొత్తం తీసేయండి. అందులో నత్రజని సుమారు 3 శాతం ఉంటుంది. పచ్చిగా వేస్తే మిరప నారు మాడిపోతుంది కాబట్టి కుప్ప పోసి, కొద్దిగా తడిపి, తిరగేస్తూ రెండు నెలలు మాగనివ్వాలి. ఊకలో సిలికా ఎక్కువ కనుక వేరుశనగ పొట్టుకంటే నిదానంగా చివుకుతుంది. కుప్ప చుట్టూ ముళ్ల కంచె తప్పనిసరి. చచ్చిన కోడి అందులో ఉండిపోతే బొట్యులిజం విషం తయారవుతుంది, దాన్ని మూతితో కెలికిన గేదె కాళ్లు పడిపోయి చనిపోవచ్చు.