ఆసిలేటర్లు, 3వ పాఠం: రేడియోలో వినిపించే కోల్‌పిట్స్

గత పాఠంలోని మల్టీవైబ్రేటర్ ఎల్‌ఈడీని ఆర్పి వెలిగించడానికి సరిపోయింది. సెకనుకి పది లక్షల ఊపులు నిలకడగా కావాలంటే మాత్రం కాయిల్ ఉండాల్సిందే. ఈ పాఠంలో కట్టేది కోల్‌పిట్స్ ఆసిలేటర్, అంటే ఒక కాయిల్, రెండు కండెన్సర్లతో ఊగే సర్క్యూట్.

కాయిల్ కొనేటప్పుడే మొదటి చిక్కు. మనకి కావలసిన కాయిల్, 47 మైక్రోహెన్రీ చోక్ మీద పసుపు, ఊదా, నలుపు పట్టీలు ఉంటాయి. 47 ఓమ్‌ల రెసిస్టర్ మీదా అవే! విజయవాడ గవర్నరుపేట కొట్లో పొట్లం కట్టించుకునే ముందే మల్టీమీటర్ పెట్టి చూడండి. చోక్ అయితే కొద్ది ఓమ్‌లే చూపిస్తుంది, 47 చూపిస్తే అది రెసిస్టర్. మిగతావి: బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, 1 నానోఫారడ్ కండెన్సర్లు రెండు (మీద 102 అని ఉంటుంది), 103 (10 నానోఫారడ్) ఒకటి, 104 (100 నానోఫారడ్) ఒకటి, 47 కిలోఓమ్ రెసిస్టర్లు రెండు, 4.7 కిలోఓమ్ ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ.

బీసీ547 చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. కలెక్టర్‌ని నేరుగా ప్లస్‌కి కలపండి. రెండు 47 కిలోఓమ్‌లను ప్లస్, గ్రౌండ్‌ల మధ్య వరసగా వేసి, వాటి నడుమ బిందువు నుంచి 103ని గ్రౌండ్‌కి దించండి. అదే బిందువు నుంచి చోక్ బేస్‌కి వెళ్తుంది. బేస్ నుంచి ఎమిటర్‌కి ఒక 102, ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి రెండో 102, దానికి సమాంతరంగా 4.7 కిలోఓమ్. 104ని ట్రాన్సిస్టర్ పక్కనే ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టండి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఇది ఎమిటర్ ఫాలోవర్. బేస్ దగ్గర 1 వోల్టు ఊపు ఇస్తే ఎమిటర్ దగ్గర 1 వోల్టు కన్నా కాస్త తక్కువే వస్తుంది. పెంచని ట్రాన్సిస్టర్ ఊపుని ఎలా నిలబెడుతుంది? కిటుకు రెండు 102లలో ఉంది. ఎమిటర్ వాటి నడుమ తగులుతోంది. అక్కడ 1 వోల్టు తోస్తే, ఆ జంట, కాయిల్ కలిసి బేస్ దగ్గర దాదాపు 2 వోల్టులు చేస్తాయి. ట్రాన్సిస్టర్ కరెంటుని ఇస్తుంది, వోల్టేజిని కండెన్సర్లు పెంచుతాయి. కాయిల్ తీగ మింగే శక్తికి పరిహారం అలా దొరుకుతుంది. మొదటి ఊపుకి బ్యాటరీ తగిలించినప్పటి కుదుపే చాలు.

వరసగా ఉన్న రెండు 102లు కలిసి 500 పికోఫారడ్. 103 కూడా ఆ దారిలోనే వరసలో ఉంది కాబట్టి విలువ ఇంకొంచెం తగ్గి, లెక్కకి సుమారు 1,050 కిలోహెర్ట్జ్ వస్తుంది. చోక్ విలువలో పది శాతం తేడా మామూలే, అందుకని పక్కన రేడియో పెట్టి మీడియం వేవ్‌లో 1,000 నుంచి 1,100 దాకా వెతకండి. సంగీతం రాదు, బుస్సుమనే హోరు ఒక్కచోట చప్పున అణిగిపోతుంది. బ్యాటరీ తీస్తే హోరు తిరిగి రావాలి, అదే రుజువు.

ఏమీ అణగలేదా? ఎమిటర్ వోల్టేజి కొలవండి, 3.5 నుంచి 4 మధ్య ఉండాలి. సున్నా అయితే కాళ్లు తారుమారయ్యాయి, లేదా చోక్ తెగింది. వోల్టేజి బాగుండీ వినపడకపోతే రెండు 102ల బదులూ 104లు పెట్టి ఉంటారు. అప్పుడు ఊపు మీడియం వేవ్ కిందికి జారిపోతుంది. అణగడానికి బదులు గరగర వస్తే ఊపు ఆగి ఆగి నడుస్తోందన్నమాట, 103ని 4.7 నానోఫారడ్‌కి (472) తగ్గించి చూడండి.

మే నెల మధ్యాహ్నం బెజవాడలో రేకుల గదిలో పెడితే డయల్ మీద స్థానం జరుగుతుంది. చవక డిస్క్ కండెన్సర్ల విలువ వేడికి మారడమే కారణం. వేడికి విలువ అంతగా మారని ఎన్‌పీఓ రకం వేస్తే చాలావరకు కుదురుతుంది.

ఏరియల్ తీగ మాత్రం తగిలించకండి. లైసెన్సు లేని ప్రసారం నేరం, పైగా పక్కింటివాళ్ల రేడియో పాడవుతుంది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని: ఒక్కో 102కి సమాంతరంగా 560 పికోఫారడ్ చేర్చి, బేస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పాత పాకెట్ రేడియో గ్యాంగ్ కండెన్సర్ (తిప్పితే విలువ మారేది) పెట్టండి. రేడియోని ఆకాశవాణి విజయవాడ, 837 కిలోహెర్ట్జ్ మీద ఉంచి గ్యాంగ్‌ని మెల్లగా తిప్పండి. వార్తల మీద సన్నని ఈల మొదలై, లావై, గొంతు దిగిపోయి మాయమవుతుంది. మాయమైన చోట మీ ఆసిలేటర్ 837 మీద ఉంది.