ముందువైపు డిఫరెన్షియల్ బుష్‌లు మార్చడం: చప్పుడు పట్టుకోవడం దగ్గర్నుంచి చివరి బిగింపు దాకా

క్లచ్ వదలగానే కాళ్ల కింద ఎక్కడో "టక్". యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంకో "టక్". ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ఈ జంట చప్పుడు వినిపిస్తే అనుమానించాల్సిన వాటిలో డిఫరెన్షియల్ మౌంటింగ్ బుష్‌లు ఒకటి. ఒకటి మాత్రమే. కాబట్టి బుష్‌లు కొనే ముందు చప్పుడు వాటిదేనని తేల్చుకోవాలి. డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు వైపుల చక్రాలకూ పంచే గేర్ల పెట్టె. బుష్ అంటే దాన్ని పట్టి ఉంచే ముక్క: లోపల ఇనుప గొట్టం, బయట ఇనుప రింగు, మధ్యలో రబ్బరు.

అసలు మీ బండికి ఈ బుష్‌లు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. జిప్సీ, జిమ్నీలకు ముందూ వెనకా నిలువెల్లా ఒకటే యాక్సిల్, డిఫరెన్షియల్ అందులోనే కూర్చుని ఉంటుంది. వాటిలో అరిగేవి ఆ యాక్సిల్‌ను పట్టుకునే ఆర్ముల బుష్‌లు, లేదా పట్టీల బుష్‌లు. ముందు చక్రాలు విడివిడిగా ఆడే ఫార్చ్యూనర్, ప్రాడో లాంటి బండ్లలో మాత్రం డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కి రబ్బరు మౌంటింగ్‌ల మీద వేలాడదీస్తారు. ఫార్చ్యూనర్‌లో ముందువైపు రెండు, వెనకవైపు ఒకటి, మొత్తం మూడు. ఇక్కడ చెప్పే పని దాని గురించే. వెనక డిఫ్ (డిఫరెన్షియల్) సబ్‌ఫ్రేమ్ మీద, అంటే కింద బిగించే చిన్న ఫ్రేమ్ మీద ఉండే డస్టర్ ఆల్‌వీల్ డ్రైవ్ లాంటి వాటికీ సూత్రం ఇదే.

2009లో మన దగ్గరికి వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ ఫోర్‌బైఫోర్‌లో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం వెళుతుంది. అంటే ముందు బుష్‌లకు సెలవు లేదు, చప్పుడు ఎప్పుడైనా రావచ్చు. 2016లో వచ్చిన రెండో తరంలో టూహెచ్‌లో (వెనక చక్రాలకే బలం వెళ్లే స్థానం) ముందు డిఫ్‌కు ఇంజిన్ బలం అందదు. టూహెచ్‌లో కూడా టక్‌మంటే దోషం ఈ బుష్‌లది కాదు, వేరే చోట వెతకండి. ఫోర్‌హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే స్థానం) పరీక్షించేటప్పుడు మట్టిరోడ్డు మీద నేరుగా నడపాలి. పొడి తారురోడ్డు మీద మలుపు తిప్పితే షాఫ్ట్‌లు బిగుసుకుని వచ్చే చప్పుడే మిమ్మల్ని మోసం చేస్తుంది.

ముందుగా కొట్టిపారేయాల్సినవి మూడు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని (డిఫ్‌కు బలం తెచ్చే పొడవాటి గొట్టం) చేత్తో మెలితిప్పి దాని క్రాస్‌లో, అంటే కీలులో ఆట ఉందేమో చూడండి. షాఫ్ట్ జారే స్ప్లైన్‌లో (గాళ్లున్న జోడింపులో) గ్రీజు ఎండిపోతే బండి కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ అచ్చం ఇలాంటి చప్పుడే వస్తుంది, నాలుగు పంపులు గ్రీజు కొడితే పోతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగ్‌లు మూడోది. ఇవి బాగుంటే చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ ఆపి, డిఫ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య పొడవాటి రాడ్ పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు సాగి తిరిగి రావాలి. లోపలి గొట్టం వెళ్లి బయటి రింగుకు తగిలినా, రబ్బరు ఇనుము నుంచి ఊడి సందు కనిపించినా బుష్ పని అయిపోయినట్టే. పైపైన సన్నటి పగుళ్లు మాత్రమే ఉంటే తొందర లేదు. బలం పడేటప్పుడు ఎలా కదులుతుందో చూడాలంటే కింద ఫోన్ వీడియో పెట్టి, ఖాళీ స్థలంలో బండిని ఒక్క అడుగు ముందుకూ వెనక్కూ కదపండి. ఇంజిన్ నడుస్తున్న బండి కింద మనిషి ఉండకూడదు.

బుష్ ఎందుకు పోయిందో కూడా ఇప్పుడే చూడాలి. డిఫ్ సీల్ నుంచో ఇంజిన్ నుంచో కారే ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆ కారడం ఆపకుండా కొత్తది వేస్తే అదీ అలాగే పోతుంది. దమ్ము చేసిన మడిలో చక్రాలు గిర్రున తిరిగి ఒక్కసారిగా గట్టి నేల పట్టుకున్నప్పుడు పడే దెబ్బ రెండో కారణం.

బుష్‌లను ఛాసిస్ నంబరుతో అడిగి తీసుకోండి, మూడూ ఒకేసారి మార్చండి. ఒక్కటే మారిస్తే బరువంతా గట్టి దాని మీద పడుతుంది. కొన్ని బ్రాకెట్‌తో కలిపి వస్తాయి, కొన్ని విడిగా వస్తాయి. దొరికితే బ్రాకెట్‌తో ఉన్నదే మేలు, ప్రెస్సింగ్ బాధ తప్పుతుంది. రోజూ ఊళ్లో తిరిగే బండికి పాలీయూరెథేన్ బుష్‌లు వద్దు. అవి కదలికను ఆపుతాయి నిజమే, దాంతోపాటు క్రౌన్ పినియన్ (డిఫ్ లోపలి పళ్లచక్రాల) కూతను క్యాబిన్‌లోకి మోసుకొస్తాయి.

ఇక పని. చదునైన గట్టి నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టి, ముందు ఛాసిస్‌ను స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీని నమ్మి కిందకు దూరకండి. తుప్పు బోల్టులకు ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి. కింది గార్డు విప్పి, డిఫ్‌కు వెళ్లే బ్రీతర్ (గాలి ఆడే) గొట్టాన్నీ, వైర్లు ఉంటే వాటి కనెక్టర్లనూ ఊడదీయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజికీ (బోల్టులు పట్టే పళ్లెం) డిఫ్ ఫ్లాంజికీ అడ్డంగా ఒక పెయింట్ గీత గీశాకే ఆ నాలుగు బోల్టులు విప్పండి. గీత మరిచిపోతే తర్వాత ఒకానొక వేగంలో వచ్చే వణుకు వెనక చాలా తిరగాల్సి వస్తుంది.

రెండో జాకీ మీద చెక్క దిమ్మె పెట్టి డిఫ్ కింద ఆనించండి. మూడు మౌంటింగ్‌ల బోల్టులనూ ముందు సడలించి, తర్వాత ఒక్కొక్కటే తీయండి. డిఫ్‌ను మొత్తం దించాల్సిన పనిలేదు, నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దిగితే చాలు. దించుతూ రెండు వైపులా యాక్సిల్ బూట్లను (రబ్బరు తొడుగులను) చూస్తూ ఉండండి, మడత బిగుసుకుంటే అక్కడే ఆపండి.

పాత బుష్ తీసే ముందు అది ఏ దిక్కున కూర్చుందో బ్రాకెట్ మీద గుర్తు పెట్టండి. చాలా బుష్‌ల రబ్బరులో కావాలనే వదిలిన ఖాళీలు ఉంటాయి. అవి బలం వచ్చే దిక్కుకు లెక్కగా పెట్టినవి. 90 డిగ్రీలు తప్పుగా వేస్తే గట్టి వైపు మెత్తబడి, మెత్తని వైపు గట్టిపడి, కొత్త బుష్‌తోనే చప్పుడు మొదలవుతుంది.

ప్రెస్ ఉన్న లేత్ షాపు దగ్గరుంటే బ్రాకెట్ అక్కడికి పట్టుకెళ్లండి. బండి మీదే చేయాలంటే 16 మి.మీ. త్రెడ్ రాడ్, మందపాటి వాషర్లు, కొలతకు సరిపడే రెండు పైపు ముక్కలతో లాగొచ్చు. మొండికేస్తే రబ్బరు చుట్టూ డ్రిల్ వేసి లోపలి గొట్టం లాగేసి, బయటి రింగును హ్యాక్సా బ్లేడుతో ఒక్కచోట కోసి, ఉలితో లోపలికి మడవండి. కోత హౌసింగ్ (బుష్ కూర్చునే గూడు) దాకా పోనివ్వకండి. మంట పెట్టి రబ్బరు కాల్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ పొగ విషం, ఆ వేడికి పక్కనున్న సీళ్లు చెడిపోతాయి.

గూడును ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, కొత్త బుష్‌ను కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. 60 మి.మీ. ఉక్కు రింగు 45 డిగ్రీలు చల్లబడితే సుమారు 0.03 మి.మీ. కుంచించుకుంటుంది. చూడ్డానికి చిన్నదే గానీ ప్రెస్సింగ్‌లో తేడా తెలుస్తుంది. అంచుకు సబ్బునీళ్లు రాయండి, ఇంజినాయిల్, గ్రీజు వద్దు. బయటి రింగు మీదే నొక్కండి. లోపలి గొట్టం మీద నొక్కితే రబ్బరుకీ ఇనుముకీ మధ్య అతుకు అక్కడికక్కడే చిరుగుతుంది, బయటికి కనిపించదు, నెలల్లో తెలుస్తుంది. మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు వంకర పోకుండా చూసుకుంటే మిగతాది దానంతటదే దిగుతుంది.

తిరిగి బిగించేటప్పుడు మూడు బోల్టులనూ ముందు చేత్తో ఎక్కించండి. రంధ్రం కలవకపోతే జాకీని అటూ ఇటూ కదపండి, బోల్టును సుత్తితో కొట్టి దూర్చకండి. తర్వాత జాకీ కిందికి దించి, డిఫ్ తన బరువు మీద తాను కూర్చున్నాకే టార్క్ రెంచితో వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు బిగించండి. సస్పెన్షన్ ఆర్ము బుష్‌లకైతే చక్రాలు నేల మీద ఉండగా బిగించాలి. డిఫ్ బుష్ చక్రాలతో పాటు కదలదు కాబట్టి ఆ నియమం దీనికి లేదు. జాకీ ఎత్తిపట్టి ఉండగా బిగిస్తే మాత్రం రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. నైలాన్ నట్లు కొత్తవి వేయండి.

షాఫ్ట్‌ను గీతలు కలిపి బిగించి, బ్రీతర్ గొట్టం మూసుకుపోలేదని ఊది చూసి పెట్టండి. మూసుకుపోయిన బ్రీతర్‌తో వాగు దాటితే వేడి డిఫ్ చల్లబడుతూ సీళ్ల గుండా నీళ్లు లాక్కుంటుంది. గేరాయిల్ మట్టం ఫిల్లర్ రంధ్రం అంచు దాకా ఉందో లేదో చూడండి. ఆయిల్ కూడా మార్చేటట్టయితే ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పుకోండి, అది రాదని డ్రెయిన్ చేశాక తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది.

చప్పుడు పోయి కొత్తగా కూత వస్తే ఎక్కడో ఇనుము ఇనుముకు తగులుతోంది, బ్రాకెట్ చుట్టూ వెతకండి. 500 కిలోమీటర్లు తిరిగాక మూడు బోల్టులకూ మరోసారి టార్క్ రెంచి పెట్టండి.